నట్టింట ఆటస్థలము

గడచిన దసరా సెలవులలో ఒకనాటి మధ్యాహ్నము నేను మా చెల్లెలి యింటికి బోయితిని. మా కాపురము దిల్‌సుఖ్‌నగరున. ఆమె కాపురము ఎల్.బి.నగరున. నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులు మాత్రమే గలవు. 2018వ సంవత్సరము సెప్టెంబరు నెలలో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగరు వఱకు మెట్రోరైలు నడువ నారంభించిన నాటి నుండి మా రాకపోకలు సులభములైనవి. ఆ రైలు మిద్దెల సరసనే ఎత్తుగా పోవునుగదా. కిటికీ కడ గూర్చుండినవారికి మన యీ తూర్పు హైదరాబాదు సంసారమంతయు కన్నులకు గట్టును. ఆరవేసిన చీరెలు, నీళ్ళతొట్లు, పెరటికి మాఱుగా వసారాలో నిలిపిన పూలకుండీలు, కోచింగు కళాశాలల పెద్ద పెద్ద బోర్డులు, ఆ బోర్డులమీద ర్యాంకులు గడించిన పిల్లల ముఖములు. ఇన్నియు గానవచ్చును గాని, పిల్లవాడు నాలుగడుగులు పఱుగెత్తదగిన బయలు కంటబడుట మాత్రము అరుదు. ఈ సంగతి యేల చెప్పుచున్నాననగా, ఈ నెల మన ముచ్చట ఆటలను గూర్చినది. ఆటకు మొదట గావలసినది చోటు.

చెల్లెలి యింటి తలుపు తీయగనే నాకొక వింత గానవచ్చెను. ముందుగదిలోని టీపాయి గోడకు జరుపబడి యుండెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న దాని కూతురును, ఆఱవ తరగతి చదువుచున్న కొడుకును టీవీకి ఎదురుగా నిలిచి, జానెడైన లేని చిన్న రిమోటులను చేతబట్టి గాలిలో విసరుచుండిరి. చేత బ్యాటు లేదు. ఎదుట వల లేదు. గదిలో నెగురు షటిలు లేదు. తెఱమీద మాత్రము రెండు బొమ్మలు వలకు చెఱియొక వైపున నిలిచి బాడ్మింట నాడుచుండెను. పిల్ల చేయి విసరినప్పుడెల్ల దాని బొమ్మయు చేయి విసరుచుండెను. పిల్లకు చెమట పట్టియుండెను, జడ యూడియుండెను, ముఖము వికసించియుండెను. చాలకాలమునకు దానినట్లు చూచితిని. ఉదయము బడి, సాయంకాలము ట్యూషను, రాత్రి హోంవర్కు అని తిరుగు ఆ పిల్ల ముఖమున నేనీమధ్య అలసటను దక్క మఱేమియు చూచియుండలేదు.

అమెరికాలో నున్న మా మఱదిగారి తమ్ముడు సెలవులకు వచ్చుచు ఈ యంత్రమును బిడ్డలకు కానుకగా దెచ్చెనట. చెల్లెలు వంటయింట గారెలు వేయుచుండెను. దాని యత్తగారు దివానుమీద గూర్చుండి జపమాల ద్రిప్పుచు, నన్ను జూచి, “రా అమ్మాయీ, చూచితివా యీ గంతులు! మగపిల్లవాడన్న సరే, ఈడువచ్చిన ఆడపిల్ల కిదేమి ఆట?” అని నవ్వుచునే కేకలు వేసెను.

పిల్లలు ఊరకుండలేదు. బౌలింగు అను ఆట పెట్టి, “నానమ్మా, ఒక్కసారి” యని ఆమె చేతికి రిమోటును కట్టిరి. ఆ యాటలో దూరమున పది కఱ్ఱసీసాలు నిలిపియుండును. బంతిని నేలవెంట దొర్లించి వానిని పడగొట్టవలయును. మొదటి మాఱు బంతి ప్రక్క కాలువలో బడెను. రెండవ మాఱు ఆఱు పడెను. మూడవ మాఱు పదికి పదియు పడెను. ఆమె నోట మాటలేక ఒక నిమిషము నిలిచి, పిమ్మట మెల్లగా నాతో ననెను: “నల్లగొండ దగ్గఱ మా యూరిలో మా అన్నలతో సమానముగ బిళ్ళంగోడు కొట్టెడిదానను. పదవయేట మా అమ్మ, ఇక చాలు లోనికి రమ్మనెను. అంతే, మఱల చేతబట్టి కొట్టినది నేడే.” ఇట్లని, వంటయింటి వైపు తిరిగి, “కోడలా! స్టవ్వార్పి ఇటు రా. గారెలు చల్లారిన దోషము లేదు” అని పిలిచెను.

సోదరీమణులారా! ఆ పిలుపు విన్నపుడు నాకు కలిగిన సంతోషము నేను వర్ణింపలేను. మన యిండ్లలో క్యారమ్‌బోర్డు వేసినను, పేక వేసినను, క్రికెట్టు టీవీలో జూచినను, ఆటవారికి ఫలహారము లందించునది గృహిణి, ఆడునది యితరులు. ఆనాడు మా చెల్లెలు పైటచెంగు దోపుకొని, పిండి చేతులు తుడుచుకొని, కూతురితో బాడ్మింట నాడెను, ఓడిపోయెను, మఱల ఆడెను. ఒక గంట సేపు ఆ యింట అత్త, కోడలు, మనుమరాలు మువ్వురును ఒకే ఈడువారైరి.

అంతలో మా మఱదిగారు పని నుండి వచ్చిరి. ఆయన మంచివాడు, బిడ్డలన్న ప్రాణము. ఆ వేడుకను జూచి మురిసిపోయి నాతో, “చూచితిరా వదినగారూ! ఇక పిల్లకు బాడ్మింటను కోచింగు మాన్పింతము. సాయంకాలము ఆ రోడ్డు దాటుట, చీకటి వేళ తిరిగివచ్చుట, మన ప్రాణములు గుప్పిట బట్టుకొని కూర్చుండుట యేల? ఇంటిలోనే ఆటకు ఆటయు, వ్యాయామమునకు వ్యాయామమును అగుచున్నది” అనిరి. చెల్లెలు మాటాడలేదు. పిల్లయు మాటాడలేదు. ఆడుట మాత్రము మానెను. రిమోటు త్రాడు మణికట్టున వ్రేలాడుచుండగనే పోయి దివాను చివర గూర్చుండెను.

నేను ఇల్లు చేరితినిగాని ఆ త్రాడు నా కన్నులలో మెదలుచునే యుండెను. ఒక వస్తువు అదే యింట, అదే గంటలో, అరువదియేండ్లు దాటిన ముసలమ్మకు మూసిన తలుపును దెఱచి, పదునాలుగేండ్ల పిల్లకు దెఱచియున్న తలుపును మూయబోవుచున్నదే! ఇది యెట్టి వస్తువో తెలిసికొనవలెనని పూనుకొంటిని. తెలిసికొన్నంత మీకును మనవి చేయుచున్నాను.

ఈ విధమైన యాటలను లోకమున ఇంటింట వ్యాపింపజేసినది జపానుదేశపు నింటెండో కంపెనీ. వారు 2006వ సంవత్సరము నవంబరులో ‘వీ’ అను యంత్రమును అమెరికాలో విడుదల చేసిరి. దానితోడి ‘వీ స్పోర్ట్స్’ అను ఆటలో టెన్నిసు, బేసుబాలు, బౌలింగు, గోల్ఫు, బాక్సింగు అను అయిదు క్రీడలు గలవు. అంతకుముందు వీడియో ఆటలనగా పదునారు బొత్తాములు గుర్తుంచుకొనగల కుఱ్ఱవాండ్ర సొత్తు. దీనికట్లుగాక, చేయి విసరుట తెలిసిన చాలును. అందువలన తాతలును, అవ్వలును, తల్లులును ఆటకు దిగిరి. పాశ్చాత్యదేశములలో వృద్ధాశ్రమములందు సైతము బౌలింగు పోటీలు జరిగినవి. ఆ యాట 8 కోట్లకు మించి అమ్ముడుపోయెను. యంత్రములు 10 కోట్లకు మించినవి.

పిమ్మట 2010లో సోనీ కంపెనీ ‘ప్లేస్టేషన్ మూవ్’ అను చేతికోలను, మైక్రోసాఫ్టు కంపెనీ ‘కినెక్ట్’ అను కెమెరాను తెచ్చినవి. కినెక్టునకు చేత పట్టునది యేమియు లేదు. అది కంటికి గానరాని వెలుతురుచుక్కలను గదినిండ జల్లి, వానినిబట్టి మనిషి యెంత దూరమున నున్నాడో, తల యెక్కడ, మోచేయి యెక్కడ, మోకాలెక్కడ యని లెక్కగట్టెడిది. మొదటి 60 దినములలోనే 80 లక్షలు అమ్ముడైన యా పరికరమును తయారుచేయుట 2017లో మానివేసిరి. అంతటి కీర్తియు ఏడేండ్లకే తీఱిపోయినది. నేడు తఱచుగా కుటుంబములలో గానవచ్చునది నింటెండోవారిదే, 2017లో వచ్చిన ‘స్విచ్’ అను యంత్రము. దానికై 2022 ఏప్రిలులో వచ్చిన ‘స్విచ్ స్పోర్ట్స్’ అను ఆటలో మన పిల్లలకు ప్రియమైన బాడ్మింటను గూడ గలదు. మా చెల్లెలి యింట నేను చూచినది అదియే.

మన హైదరాబాదు నగరమును ఈ విద్యలో వెనుకబడినది కాదు. ఇక్కడి గేమ్‌శాస్త్ర అను సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకై ‘దేశీ అడ్డా’ అను ఆటను దయారుచేసెను. గాలిపటములు, కబడ్డీ, గిల్లీదండా అనబడు మన బిళ్ళంగోడును అందు జేరినవి. కాని అది బొత్తాములతో నాడునదే. చేయి విసరి యాడునది కాదు. నల్లగొండ ముసలమ్మ బిళ్ళంగోడును గుర్తునకు దెచ్చుకొన్నది విదేశపు బౌలింగు వలననే గదా యని నాకు కొంచెము నవ్వును, కొంచెము చింతయు గలిగెను.

రిమోటునకు మన చేతి కదలిక యెట్లు తెలియును? ఇది గృహిణు లెఱుగరాని రహస్యమేమియు గాదు. మీరు దిల్‌సుఖ్‌నగరు డిపో కడ బస్సెక్కి నిలుచున్నారనుకొనుడు. బస్సు తటాలున గదలిన మన శరీరము వెనుకకు దూలును. తటాలున నిలిచిన ముందునకు దూలును. కన్నులు మూసికొని యున్నను, ఎంత తూలితిమో దానినిబట్టి బస్సు ఎంత యదాటుగ గదలినదో చెప్పగలము. రిమోటు లోపల కంటికానని యంత చిన్న బరువొకటి సిలికనుతో జేసిన సన్నని స్ప్రింగులమీద నిలిచియుండును. చేయి విసరినపుడు ఆ బరువు, బస్సులోని మనవలెనే, ఒక్కింత వెనుకబడును. ఎంత వెనుకబడినదో కొలిచి యంత్రము చేతి విసురును తెలిసికొనును. చేయి ఏవైపు దిరిగినదో చెప్పుటకు జైరోస్కోపు అను భాగము వేఱొకటి గలదు. ఇంతియే.

దాని గొప్పయు ఇందే కలదు. దాని లోపమును ఇందే కలదు. రిమోటు ఎఱుగునది తన్ను బట్టిన చేతిని మాత్రమే. అది కాళ్ళ నెఱుగదు, నడుము నెఱుగదు, ఊపిరి నెఱుగదు. స్విచ్చు ఫుట్‌బాలులో కాలికి పట్టీ కట్టుకొని తన్నవచ్చును గాని, బాడ్మింటనులో అట్లు లేదు. షటిలు పడుచోటికి తెఱమీది బొమ్మ తనంతట తానే పఱుగెత్తును. మన పిల్ల నిలిచినచోటనే నిలిచి చేయి విసరిన చాలును. ఇంకను చెప్పవలెనన్న, సోఫాలో జేరగిలబడి మణికట్టును మాత్రము విదిలించినను బొమ్మ చక్కగనే కొట్టును. ఆట నేర్చిన పిల్లలు వారము తిరుగకముందే ఈ సులువును కనిపెట్టుదురు.

పండితులు చేసిన పరీక్షలును ఈ మాటనే చెప్పుచున్నవి. ఇంగ్లండునందలి లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయమువారు 13 మొదలు 15 ఏండ్ల పిల్లలచే ‘వీ’ ఆటల నాడించి, వారి దేహములో ఖర్చగు శక్తిని గొలిచి, 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నలున ప్రకటించిరి. కూర్చుండి బొత్తాములు నొక్కు ఆటకంటె దీనియందు శక్తి యెక్కువ ఖర్చగును. కాని నిజమైన టెన్నిసు, నిజమైన బాక్సింగులలో ఖర్చగునంత కాదు. అమెరికాలో హ్యూస్టను నగరమందలి పరిశోధకులు, 9 మొదలు 12 ఏండ్ల పిల్లలలో కొందఱకు కదలుచు నాడు ఆటలను, కొందఱకు కూర్చుండి యాడు ఆటలను ఇచ్చి, కదలికను గొలుచు పరికరమును వారి నడుమునకు గట్టి, సుమారు 3 నెలలు చూచిరి. 2012లో ప్రకటించిన ఫలితమేమనగా, రెండు తెగల పిల్లల కదలికలోను భేదము గానరాలేదు. యంత్ర మింటికి వచ్చినంతమాత్రమున పిల్లలు దినము మొత్తముమీద ఎక్కువ కదలలేదన్నమాట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో జేసిన సూచన ననుసరించి 5 మొదలు 17 ఏండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు బాగుగ అలయునట్లు ఆడవలయును. ఆ లెక్కను ఈ యంత్రమున కొప్పగించి మనము నిశ్చింతగ నుండరాదు.

మఱియొక పరీక్ష నా మనసునకు మిక్కిలి నచ్చినది. పక్షవాతము వచ్చి చేయి స్వాధీనము తప్పినవారికి ఈ యాట మందువలె పనిచేయునని వైద్యులాశించిరి. కెనడా వైద్యుల యాధ్వర్యమున నాలుగు దేశములందు 141 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిచే ‘వీ’ ఆటలను, రెండవ భాగమువారిచే పేక, బింగో, బంతియాట వంటి వినోదములను, మామూలు చికిత్సతోబాటు ఆడించిరి. 2016లో వచ్చిన ఫలితము జూడుడు: ఇరువాగులవారికిని చేయి మెఱుగుపడెను, ఒకరికంటె నొకరికి హెచ్చుతగ్గులు లేవు. యంత్రమందు మహిమ లేదు; ఉత్సాహముతో చేయి కదల్చుటయందు, తోడివారితో గూడి యాడుటయందు గలదు. కనుక ముసలివారున్న యింట వెలగల యంత్రము కొనజాలమని చింతింపవలదు. గవ్వలు, పచ్చీసు, అష్టాచెమ్మ, మెత్తని బంతి యివి యున్నను చాలును. మెదలించు మనిషి మాత్రము కావలయును.

ఇక మా చెల్లెలి కూతురి విషయము. సోదరీమణులారా, మనము నిజము చెప్పుకొందము. మన తల్లుల కాలమున ఆడపిల్లకు ఆట లేకపోలేదు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ళ, కోలాటము, బతుకమ్మ, ఇన్ని యుండెను. అన్నిటికిని పెరడో, వాకిలియో, ఊరి నడిమి బయలో యుండెను. పదియేండ్లు నిండగనే పిల్లను ఆ వాకిటినుండి లోనికి బిలిచెడివారు. మనకాలమున పెరడు పోయినది, వాకిలి పోయినది, లిఫ్టు ముందఱ నాలుగడుగుల నాపరాళ్ళు మిగిలినవి. మగపిల్లవాడు ఎట్లో ఆదివారమునాడు సరూర్‌నగరు వైపు బ్యాటు చంకబెట్టుకొని పోవును. ఆడపిల్ల కట్లు పోవుటకు చొఱవ యిచ్చువారెవరు? ఇట్టి దినములలో నట్టింటికే ఆటస్థలము నడచివచ్చినదన్న సంతోషమే. కాని, “ఇంటిలోనే యున్నదిగదా, ఇక బయటికేల?” యను మాట పుట్టినయెడల, ఆ యంత్రము నానమ్మను పదవయేట లోనికి బిలిచిన పిలుపునకు క్రొత్త గొంతుక యగును. ఆ పిలుపు ప్రేమతోనే వచ్చినది. ఈ పిలుపును ప్రేమతోనే వచ్చుచున్నది. అందుచేతనే దీనికి బదులు చెప్పుట కష్టము.

బాడ్మింటను మాట వచ్చినది గనుక మన పి.వి.సింధును దలపక తీఱదు. ఆమె 2016లో రియో ఒలింపిక్సునందు వెండి పతకమును, టోక్యో ఒలింపిక్సు 2021లో జరిగినపుడు కంచు పతకమును గెలిచినది. 2019లో ప్రపంచ విజేత యైనది. ఆ కీర్తి యందఱు నెఱిగినదే. ఆమె తండ్రియు, తల్లి విజయగారును ఇరువురును వాలీబాలు క్రీడాకారులని మీరెందఱు గమనించితిరి? తండ్రి రమణగారు 1986లో సియోలు ఆసియా క్రీడలందు కంచు పతకము గెలిచిన జట్టులోనివారు. తాను కోర్టులో చెమటోడ్చిన తల్లి, కూతురు కోర్టునకు బోవుటను చూచి వెఱవదు. అందఱు పిల్లలును సింధులు గానక్కఱలేదు. కాని ఆడిన తల్లికి పుట్టిన బిడ్డకు ఆట యొక తప్పుపని వలె దోపదు. మా చెల్లెలు ఆనాడు గారెల మూకుడు దింపి ఆడుట చిన్నవిషయము గాదని నేననుట యిందుకే.

మఱుసటి ఆదివారము మఱల ఎల్.బి.నగరు పోయితిని. మఱదిగారితో వాదమునకు బోలేదు. “ఒక్క మాఱు సోఫాలో గూర్చుండి, మణికట్టు మాత్రము విదిలించి మీ కుమారునితో బాడ్మింట నాడి చూడుడు” అంటిని. ఆయన ఆడిరి, ఎనిమిది పాయింట్లు గెలిచిరి, గెలిచి తామే పకపక నవ్విరి. “ఇది వ్యాయామము గాదు వదినగారూ” అనిరి. “వ్యాయామము గాకపోలేదు, కొంత యగును. కోర్టునకు బదులు మాత్రము గాదు” అంటిని. ఆయన భయమును నేను తేలికగ దీయలేదు. ఆఱుగంటల వేళ ఎల్.బి.నగరు కూడలి నెఱిగినవారెవరును తీయజాలరు. అప్పుడు చెల్లెలు మొదటిసారి నోరు విప్పి, “భయము రోడ్డును గూర్చి యయిన రోడ్డునకు ఉపాయము జూతము. పిల్ల ఆట మాన్పుట రోడ్డునకు ఉపాయము గాదుగదా” అనెను.

ఆ ఉపాయమును చెప్పినది అత్తగారు. “నేను తోడు పోయెదను. ఇంటిలో కూర్చుండి త్రిప్పు జపమాల అక్కడ బెంచీమీద కూర్చుండి త్రిప్పెదను” అని యామె యనగా ఎదురాడువారు లేకపోయిరి. నేడు వారమునకు మూడు సాయంకాలములు నానమ్మయు మనుమరాలును ఆటోలో కోర్టునకు బోవుచున్నారు. మిగిలిన దినములలో భోజనమునకు ముందు అరగంట యంత్రము. బౌలింగులో నానమ్మను ఓడించువారు ఆ యింట నింకను పుట్టలేదని మనుమడు చెప్పుచున్నాడు.

మీలో నెవరైన ఈ యంత్రమును కొనదలచినయెడల, లేక బంధువులు తెచ్చి యిచ్చినయెడల, నా యనుభవమునుబట్టి కొన్ని మాటలు చెప్పెదను.

మొదటిది, వెల. ఇది మధ్యతరగతి సంసారమున చిన్న ఖర్చు గాదు. కొనుటకు ముందు, ఇదివఱకే యున్న బంధువుల యింటనో, మాల్లలోని ఆటశాలలోనో ఒకటి రెండు మాఱు లాడి చూడుడు. పిల్లల మోజు పదిదినములకు మించి నిలుచునో లేదో తెలియును. యంత్రము వెలతోనే ఖర్చు తీఱదు; ఆటలను వేఱుగ కొనవలయును.

రెండవది, చోటు. టీపాయిని, గాజుసామానును, కుర్చీలను తొలగింపుడు. ఇద్దఱు చేతులు చాచినను ఒకరి కొకరు తగులనంత ఎడముండవలయును. కప్పు తక్కువగా నున్న ఇండ్లలో సీలింగుఫ్యాను క్రింద నిలిచి చేయెత్తి ఆడరాదు. ఫ్యానును ఆపియైన ఆడవలయును. పాలిషు రాళ్ళమీద మేజోళ్ళతో నాడినచో జాఱిపడుదురు. ఒట్టి కాళ్ళు మేలు. చీరె కట్టినవారు కుచ్చిళ్ళు కొంచె మెత్తి, చెంగు దోపుకొనవలయును.

మూడవది, త్రాడు. రిమోటు త్రాడును మణికట్టునకు బిగించిగాని ఆడనీయకుడు. ‘వీ’ వచ్చిన క్రొత్తలో త్రాళ్ళు తెగి రిమోటులెగిరి టీవీలకు దగిలినవని గోల పుట్టగా, కంపెనీవారు 2006 డిసెంబరులో సుమారు 32 లక్షల త్రాళ్ళను మార్చి యిచ్చుటకు పూనుకొనిరి.

నాలుగవది, మితము. 2007లో స్పెయినుదేశపు వైద్యుడొకడు, గంటల తరబడి తెఱమీద టెన్ను సాడి భుజమునొప్పి తెచ్చుకొన్న 29 ఏండ్ల యువకుని గూర్చి, ఆ నొప్పికి ఆ యంత్రము పేరే పెట్టి, వైద్యపత్రికకు వ్రాసెను. బరువు లేని రిమోటే గదా యని అలుపు తెలియదు. మఱునాడు భుజము తెలుపును. ఒక్కొక్కరికి అరగంట చాలును. గుండెజబ్బు, మోకాళ్ళనొప్పి గలవారును, గర్భిణులును వైద్యుని అడిగినపిమ్మటనే ఆడవలయును.

అయిదవది, క్రిందింటివారు. అపార్టుమెంటులో మన నేల వారి కప్పు. మధ్యాహ్నపు నిద్రవేళను, రాత్రి తొమ్మిది దాటినపిమ్మటను గంతులు మానవలయును. వీలైనచో వారి పిల్లలను గూడ ఆటకు పిలువుడు. గోల యను మాట దానంతట నదే పోవును.

ఆఱవది, వంతు. ఇది నాకు అన్నిటికంటె ముఖ్యము. వంతుల పట్టికలో గృహిణి పేరు తప్పక యుండవలయును. ఆమె యాడు వేళ పొయ్యిమీద నున్నదానిని చూచువారు వేఱొకరు గావలయును. ఆమె వంతు వచ్చినపుడు, “నాకేలరా, మీరాడుకొనుడు” అను మాట ఆమె నోట రాగూడదు. ఈ మాట మనమందఱము అలవాటుచొప్పున అనుచుందుము, నేనును అనుచుందును. ఆనాడు చెల్లెలి యింట రెండుమాఱులు అంటిని. మూడవమాఱు ముసలమ్మ నా చేతికి త్రాడు కట్టివేసెను.

తుదిమాట. పిల్ల యింటిలో ఎన్ని గంటలాడినదో లెక్కించునపుడు, బయట ఎన్ని గంటలాడినదో గూడ లెక్కింపుడు. రెండవ లెక్క తగ్గినయెడల, మొదటిదాని వలన మేలు గలుగలేదని తెలిసికొనుడు. నట్టింటి ఆటస్థలము గడప వంటిది. గడపమీద కొంతసేపు నిలువవచ్చును, నవ్వవచ్చును, ఆడవచ్చును. కాని గడపను పెట్టినది దాటుటకే గదా!